ఫోన్‌లో చూశామంటే సరిపోదు

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం వ్యవసాయ సీఆర్పీ చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టుగా, కొద్దిగా కుదించి ఇస్తున్నాం.)

 

వ్యవసాయం గురించి, తిండి గురించి ఇంటర్నెట్‌లో నమ్మదగిన సమాచారం ఎక్కడ దొరుకుతుందో చెప్పమని నాకు విషయం ఇచ్చారు. ఆ పేరు వింటే ఎవరో పెద్ద చదువులు చదివినావిడ మాట్లాడుతుందేమో అనిపిస్తుంది. నేను పదో తరగతి. ఎకరంన్నర సొంతం, రెండెకరాలు కౌలు. ఈ విషయం నాకెందుకు ఇచ్చారంటే, ఫోన్‌లో చూసింది నమ్మి దెబ్బ తినిపించింది నేనే కాబట్టి. అది మొదట చెప్పేస్తాను. మనసులో పెట్టుకుని మిగతాది చెప్పలేను.

2021లో మన మిరప తోటలకు వచ్చిన కష్టం ఎవరూ మర్చిపోలేదు. చెట్టు పచ్చగానే ఉంది, పూత బాగా వచ్చింది, వచ్చిన పూత వచ్చినట్టే రాలిపోయింది. మా సంఘంలో ఒక అక్క రెండెకరాలు కౌలుకు వేసింది. పొద్దున్నే నా దగ్గరకొచ్చి, "నీ దగ్గర ఫోనుంది కదమ్మా, చూడు" అంది. చూశాను. మిరపలో తామర పురుగు అని కొట్టాను. ఒక పేజీ వచ్చింది. మంచి సంస్థదే, దొంగ పేజీ కాదు. ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని రాసి ఉంది. మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన పై ముడత, కింది ముడత సంగతే. కింద మందుల పేర్లు ఉన్నాయి. దాని పక్కనే ఒక వీడియో కూడా వచ్చింది. ఒకాయన తోటలో నిలబడి సీసా చేతిలో పట్టుకుని, మూడు రోజుల్లో పూత నిలబడుతుందని చెబుతున్నాడు. రెండూ గ్రామ సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అక్క నా మాట మీద ఆ మందులు కొట్టింది. ఒకటి పనిచేయలేదని రెండోది, రెండూ కలిపి మూడోసారి. పది రోజుల్లో మూడు పిచికారీలు. పూత ఆగలేదు.

అప్పుడు కృషి విజ్ఞాన కేంద్రంలో ఒక సారుకు ఫోన్ చేశాను. ఆయన మందు పేరు చెప్పలేదు. "పూలల్లో చూశారా అమ్మా?" అని అడిగారు. లేదు సార్, ఆకులు చూశాం అన్నాను. తెల్ల కాగితం తీసుకుని దాని మీద పది పూలు దులిపి చూడమన్నారు. దులిపాం. ఆవగింజ కంటే చిన్నవి, నల్లగా, కాగితం మీద కదులుతున్నాయి. అవి మనం ఎరిగిన తామర పురుగులు కావు. మనకు కొత్తగా వచ్చిన రకం. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది 2015లో, బెంగళూరు దగ్గర బొప్పాయి మీద. పాతది ఆకు మీద పడితే ఇది పూలలో దూరుతుంది. ఇష్టమొచ్చినట్టు మందులు కలిపి కొడితే దీన్ని తినే మంచి పురుగులు చచ్చి ఇది ఇంకా పెరుగుతుందని సారు చెప్పారు. నీలం రంగు జిగురు అట్టలు కట్టమన్నారు, వేపనూనె వాడమన్నారు. అప్పటికే ఆలస్యమైంది.

నేను చూసిన పేజీలో అబద్ధం ఒక్కటీ లేదు. అది రాసిన నాటికి ఈ పురుగు మన మిరపకు రాలేదు, అంతే. తారీఖు చూడలేదు నేను. వీడియో సంగతి వేరు. అందులో మాట్లాడిన మనిషే ఆ సీసా అమ్మే మనిషి. అది వీడియో చివర్లో ఫోన్ నంబరుతో సహా ఉంది. నేను చివరిదాకా చూడలేదు.

ఆ అక్క కౌలు కట్టాల్సి వచ్చింది, పంట రాలేదు, సంఘంలో అప్పు వాయిదాలు మూడు నెలలు మేమందరం సర్దాం. ఆమె ఈ హాల్లోనే కూర్చుని ఉంది. నన్ను ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అప్పటి నుంచి ఫోన్‌లో ఏది వచ్చినా గ్రూపులో పెట్టే ముందు మూడు సంగతులు చూస్తాను. ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? ఎవరి పొలానికి, ఏ కొలతలో చెప్పారు?

ఎవరు అన్నది కనిపెట్టడం మీరనుకున్నంత కష్టం కాదు. పేజీ పైన చిరునామా ఉంటుంది కదా, దాని చివర చూడండి. గవ్ డాట్ ఇన్ అనీ, ఎన్ఐసీ డాట్ ఇన్ అనీ ఉంటే అది ప్రభుత్వానిది. ఆ చివరలు బయటివాళ్ళకు ఇవ్వరు. ఏసీ డాట్ ఇన్ అంటే విశ్వవిద్యాలయం, ఆర్ఈఎస్ డాట్ ఇన్ అంటే పరిశోధనా సంస్థ. డాట్ కామ్ అంటే ఎవరైనా పెట్టుకోవచ్చు. డాట్ కామ్ అన్నీ చెడ్డవని కాదు, గవ్ డాట్ ఇన్ అన్నీ తాజావి అనీ కాదు. పేరులో ప్రభుత్వం అనో కిసాన్ అనో ఉన్నంత మాత్రాన మాత్రం నమ్మకండి. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో యాప్ ఫైళ్ళు పంపి, అది నొక్కినవాళ్ళ ఖాతాలు ఖాళీ చేస్తున్నారు. అలాంటి ఫైలు నొక్కొద్దు. ఎవరికైనా డబ్బు పోతే ఏడుస్తూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయించండి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

ఇక మనకు పనికొచ్చే చోట్లు. మన రాష్ట్రానికి ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, గుంటూరు దగ్గర లాంలో. వాళ్ళు ఏటా వ్యవసాయ పంచాంగం వేస్తారు. పంట వారీగా రకాలు, ఎరువులు, పురుగులు, అన్నీ తెలుగులో ఉంటాయి. ఏటా వేస్తారన్నదే దాని విలువ. పాత పంచాంగం చూసి ముహూర్తం పెట్టం కదా, ఇదీ అంతే. రకరకాల పథకాలు, పంటలు, ఆరోగ్యం గురించి తెలుగులో ఒకే చోట చదువుకోవాలంటే వికాస్‌పీడియా ఉంది. హైదరాబాద్‌లోని సీడాక్ వాళ్ళు తయారుచేశారు. బాగుంటుంది, కానీ అందులో కొన్ని పేజీలు పాతబడ్డాయి. మందుల విషయానికి దాని మీద ఆధారపడొద్దని నా సలహా. చిరుధాన్యాలకైతే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో భారతీయ చిరుధాన్యాల పరిశోధనా సంస్థ ఉంది. విత్తనం దగ్గర నుంచి బిస్కెట్ల దాకా వాళ్ళ దగ్గర సమాచారం ఉంటుంది.

చదవడం రానివాళ్ళ సంగతేంటి అని వెనక వరుసలో అక్క అడుగుతోంది. అక్కా, మీకోసమే 2004 నుంచి కిసాన్ కాల్ సెంటర్ ఉంది. 1800 180 1551. పైసా పడదు. పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా తెలుగులోనే మాట్లాడతారు. ఒక్కటే, ఫోన్ చేసే ముందు తోటలోకి వెళ్ళి చూసి చేయండి. ఏ పంట, ఎన్ని రోజులది, ఆకు మీదా పూవులోనా కాయలోనా, ఇంతకు ముందు ఏం కొట్టారు. ఇవి చెప్పకపోతే ఎంత చదువుకున్నవాళ్ళైనా ఏం చెప్పగలరు?

ఎప్పుడు అన్న దానికి ఇంకో ఉదాహరణ. ఎండోసల్ఫాన్ తెలుసు కదా అందరికీ. 2011 మే 13న సుప్రీంకోర్టు దాన్ని ఆపేసింది. ఇప్పటికీ ఫోన్‌లో వెతికితే ఫలానా పురుగుకు ఎండోసల్ఫాన్ కొట్టండి అనే పాత పేజీలు వస్తాయి. ఫోరేట్ గుళికలు, ట్రైజోఫాస్ 2020 చివరితో ఆగిపోయాయి. అవీ వస్తాయి. పేజీ తనంతట తాను చచ్చిపోదు. రాసినాయన రిటైరైపోయినా అది అక్కడే ఉంటుంది. అందుకే పేజీలో తారీఖు కనపడకపోతే మందుల విషయంలో దాన్ని వదిలేయండి. ఏ మందు ఏ పంటలో ఏ పురుగుకు అనుమతి ఉంది, కొట్టిన ఎన్ని రోజులకు కోయాలి అన్న జాబితా కేంద్ర పురుగుమందుల బోర్డు వాళ్ళది ఉంది. అది ఇంగ్లీషులో ఉంటుంది, పిల్లల చేత చదివించుకోవాలి. అది చేతకాకపోతే మందుతో వచ్చే కరపత్రం అడిగి తీసుకోండి. దాన్ని కొట్టులోనే పారేసి రాకండి. సీసా మీద రంగు గుర్తు చూడండి. ఎరుపు అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, నీలం, ఆఖరున ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే తాగినా ఏం కాదని కాదు సుమా.

కొలత సంగతి నన్ను ఇప్పటికీ భయపెడుతుంది. శాస్త్రవేత్తలు రాసే కాగితాల్లో హెక్టారుకు ఇంత అని ఉంటుంది. మనం ఎకరం అని చదువుకుంటాం. హెక్టారంటే దాదాపు 2 ఎకరాల 47 సెంట్లు. హెక్టారుకు 500 మిల్లీలీటర్లు అంటే ఎకరాకు దాదాపు 200. అది చూసుకోకుండా ఎకరాకు 500 పోస్తే రెండున్నర రెట్లు పోసినట్టు. డబ్బు పోతుంది, చెట్టు మాడుతుంది, కొట్టినవాళ్ళ కళ్ళు మండుతాయి. కొట్టేది ఎక్కువగా మన ఇళ్ళల్లో మగవాళ్ళైనా, డ్రమ్ములో నీళ్ళు కలిపేది మనమే కదా. అమెరికా వాళ్ళ పేజీలైతే పౌండ్లు, గ్యాలన్లు. ఆస్ట్రేలియా వాళ్ళకు మనకు ఎండాకాలం అయినప్పుడు చలికాలం. అవి చదవొద్దని కాదు, విత్తే నెల అక్కడ చూసి ఇక్కడ విత్తకండి.

ఈ మధ్య ఫోన్‌తో మాట్లాడితే అదే జవాబు చెప్పే యాప్‌లు వచ్చాయి. మా అబ్బాయి పెట్టిచ్చాడు. తెలుగులో చక్కగా, మర్యాదగా చెబుతుంది. నేను ఒకే మందుకు మోతాదు రెండు సార్లు అడిగాను, రెండు సార్లు రెండు లెక్కలు చెప్పింది. ఎక్కడ చూసి చెబుతున్నావని అడిగితేనే అసలు సంగతి తెలుస్తుంది. చూపించిన చోటుకు వెళ్ళి చదవండి. చూపించకపోతే అది మాటకారి కోడలి కబురు అనుకుని వదిలేయండి. (నవ్వులు) కోడళ్ళు కోపం తెచ్చుకోకండమ్మా, నేనూ ఒకింటి కోడలినే.

వెతకడంలో ఇంకో చిక్కు పేర్లది. మనం రాగులు అంటాం. శ్రీకాకుళం వైపు చోళ్ళు అంటారు, తెలంగాణలో తైదలు అంటారు. ఒక పేరుతో దొరకనిది ఇంకో పేరుతో దొరుకుతుంది. అన్నిటికీ కలిపి శాస్త్రీయ నామం అని ఒకటి ఉంటుంది, రాగులకు ఎల్యూసిన్ కొరకానా. నోరు తిరగకపోతే పోనీ, రాసి పెట్టుకోండి. మనిషికి ఆధార్ నంబరు ఎలాగో మొక్కకు అది అలాగ. కలుపు మొక్కైనా, ఆకుకూరైనా ఆ పేరుతో వెతికితే వేరే మొక్క సమాచారం మన నెత్తిన పడదు.

ఇప్పుడు తిండి సంగతి. చాలామంది దీని కోసమే కూర్చున్నారని తెలుసు, ఎందుకంటే మన సంఘాలు పచ్చళ్ళు, పొడులు, రాగి పిండి అమ్ముతున్నాయి.

మా గ్రామ సంఘం రాగి పిండి ప్యాకెట్టు మీద కాగితం వేయించేటప్పుడు, "పాల కంటే పది రెట్లు కాల్షియం" అని రాయిద్దామన్నారు. వాట్సాప్‌లో వచ్చిందట. సరే చూద్దాం అని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పుస్తకం తీశాం. 2017లో వేసిన భారతీయ ఆహార పదార్థాల పట్టిక అది. దేశంలో ఆరు ప్రాంతాల నుంచి తెచ్చిన 528 రకాల ఆహారాలను పరీక్ష చేసి అంకెలు ఇచ్చారు. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు. ఆవుపాలలో 100 గ్రాములకు సుమారు 120. అంటే పది రెట్లు కాదు, మూడు రెట్లు. మూడు రెట్లు కూడా మంచిదే కదా అన్నారు. అక్కడ ఇంకో మెలిక ఉంది. పాలలో ఎక్కువ భాగం నీళ్ళే, రాగులు పొడివి. ఒక గ్లాసు జావకు మనం వేసే పిండి ఎంత? తూచి చూశాం, 25 గ్రాములు. అంటే 91 మిల్లీగ్రాములు. అదే 200 గ్రాముల పాలు తాగితే 240. గ్లాసుకు గ్లాసు చూస్తే పాలదే పైచేయి! మా సంఘంలో అందరం కాసేపు నోరెళ్ళబెట్టాం. రాగులు మంచివి కావని కాదు. బియ్యంతో పోలిస్తే వాటికి సాటి లేదు. పోలిక దేనితో, ఎంత మోతాదుకు అన్నది చూడాలి. మునగాకు పొడికి పాల కంటే పదిహేడు రెట్లు అని తిరిగే మాట కూడా ఇలాంటిదే. ఎండిన పొడికి, పాలకు పోలిక పెట్టారు. 100 గ్రాముల మునగాకు పొడి ఒక పూట ఎవరు తింటారు?

ప్యాకెట్టు మీద "షుగరు తగ్గిస్తుంది" అని రాసే ఆలోచన కూడా మానుకున్నాం. ఆహారం జబ్బు నయం చేస్తుందని ప్యాకెట్టు మీద రాయడం చట్టం ఒప్పుకోదు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, అదే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళు 2018లో దీని మీద నిబంధనలు పెట్టారు. ఒక్క ఫిర్యాదు వెళ్ళినా సంఘం పేరు పోతుంది. ఇంకోటి, మీరు కొనే వాటి మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉంటుంది. దాన్ని వాళ్ళ వెబ్‌సైటులో కొడితే నిజమైనదో కాదో, ఎవరి పేరు మీద ఉందో తెలుస్తుంది. మనకు నూనె, బెల్లం సరఫరా చేసేవాళ్ళ నంబర్లు ఇలాగే చూడొచ్చు. మన నంబరు కూడా ఎవరైనా చూస్తారని గుర్తుపెట్టుకోండి.

ప్లాస్టిక్ బియ్యం గొడవ చెప్పకుండా ముగించలేను. రేషన్ బియ్యంలో, అంగన్‌వాడీ బియ్యంలో కొన్ని గింజలు తేడాగా ఉన్నాయని, కడిగితే పైకి తేలుతున్నాయని మా ఊళ్ళో పెద్ద గోల. ఒక తల్లి అంగన్‌వాడీకి పిల్లను పంపడం మానేసింది. ఇంకొంతమంది ఆ గింజలు ఏరి పారేశారు. అవేంటో తెలుసా? బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి మళ్ళీ గింజలా చేసినవి. 100 కిలోల బియ్యానికి 1 కిలో కలుపుతారు. రక్తం తక్కువగా ఉన్న మన ఆడపిల్లల కోసం, గర్భిణుల కోసం కలిపిన గింజల్ని మనమే చేటలో ఏరి కోళ్ళకు వేశాం. ఎఫ్ఎస్ఎస్ఏఐ పేజీలో ఆ సంచి మీద ఉండే ప్లస్ ఎఫ్ గుర్తుతో సహా ఉంది. అది తీసి ఆ తల్లికి చూపించాను. నమ్మలేదు. మీరు పెట్టిన వీడియోలో ఒక మనిషి మాట్లాడుతున్నాడు, మీ పేజీలో బొమ్మే కదా ఉంది అంది. అప్పుడు అంగన్‌వాడీ టీచరు, నేను, ఆమె ముగ్గురం కలిసి ఆ గింజలు విడిగా ఏరి వండాం. మెత్తబడ్డాయి. నలిపి చూసింది, నోట్లో వేసుకుంది. మర్నాటి నుంచి పిల్ల వస్తోంది. ఫోన్‌లో ఎంత మంచి సమాచారం ఉన్నా, ఒక్కోసారి పొయ్యి మీద పెట్టి చూపించాల్సిందే.

ధరలు, వాన సంగతి రెండు మాటల్లో చెబుతాను, టైమైందని సీసీ మేడమ్ చూస్తున్నారు. వాట్సాప్‌లో వచ్చే మిర్చి ధర ఎప్పుడూ ఆ రోజు పలికిన ఎక్కువ ధరే. ఎక్కడో ఒక లాటుకు వచ్చింది అది. అగ్‌మార్క్‌నెట్‌లో కనిష్ఠం, గరిష్ఠం, దాంతోపాటు ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో అది కూడా ఉంటుంది. ఆ మూడోది చూసి టిక్కీలు కదిలించండి. తారీఖు చూడటం మర్చిపోవద్దు. వానకు, మందు కొట్టే రోజుకు మేఘదూత్ యాప్‌లో మంగళవారం, శుక్రవారం జిల్లాకు సలహా వస్తుంది, తెలుగులోనే.

మా గ్రామ సంఘంలో ఇప్పుడొక పుస్తకం పెట్టాం. మామూలు 200 పేజీల నోటు పుస్తకమే. ఎవరైనా ఫోన్‌లో చూసింది పాటిస్తే అందులో రాయాలి. ఏ పేజీ, ఏ తారీఖు, ఏం చేశాం, ఏమైంది. పనిచేయనివి కూడా రాయాలి, అవే ముఖ్యం. మొదటి పేజీలో నా మిరప సంగతి నేనే రాశాను. 2004 తర్వాత మన సంఘాల ద్వారానే పురుగుమందులు లేని వ్యవసాయం మొదలైంది, కషాయాలు కాచిన అక్కలు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్ళకు తెలిసినవి ఏ వెబ్‌సైటులోనూ మొత్తం లేవు. అవి కూడా వాళ్ళ చేత చెప్పించి రాయిస్తున్నాం. ఇప్పటికి 43 పేజీలు నిండాయి.

ప్రతి గ్రామ సంఘం ఇలాంటి పుస్తకం పెట్టాలని, మూడు నెలలకోసారి సమాఖ్య సమావేశానికి తేవాలని నేను ప్రతిపాదన పెడుతున్నాను. అధ్యక్షురాలు అక్క దీన్ని ఈరోజు తీర్మానాల్లో చేర్చాలని కోరుతున్నాను. భోజనాలయ్యాక ఆ కిటికీ దగ్గర కూర్చుంటాను. ఫోన్లు ఉన్నవాళ్ళు ఛార్జింగ్ పెట్టుకుని రండి, లేనివాళ్ళు పక్కింటి చెల్లినో కూతురినో తోడు తెచ్చుకోండి. తోటలో ఏదైనా తెగులు ఉంటే ఆకో, పూవో కవర్లో పెట్టి తెచ్చినవాళ్ళు ముందు రండి. తెల్ల కాగితం నా సంచిలో ఉంది.